చెఱువుల గొలుసు, ప్రోగ్రాముల గొలుసు

మన కోయంబత్తూరు సీమలో గాని, మధుర సీమలో గాని ఏ చెఱువును ఒంటిగా లేదు. వెళ్ళియంగిరి కొండలలో పుట్టిన నొయ్యల్ ఏటి నీరు ఆనకట్టల వద్ద కాలువలలోనికి మఱలి, ఒక కుళము నిండిన పిమ్మట దాని అలుగు మీదుగా వేఱొక కుళమునకు పోవుచుండును. మధుర ప్రాంతమున కణ్మాయిలని పిలువబడు చెఱువులును ఇట్లే ఒకదాని క్రింద నొకటిగా కూర్పబడినవి. దిగువ చెఱువు క్రింద సేద్యము చేయు రైతు ఎగువ చెఱువును ఎన్నడును చూడకపోవచ్చును; దాని పేరైనను ఎఱుగకపోవచ్చును. అయినను ఎగువ కట్టకు గండిపడిన నాడు ఆ వఱద వచ్చి పడునది ఇతని కట్టమీదనే. ఎగువ నీటిలో విషము కలిసిన నాడు మాడిపోవునది ఇతని పైరే. తిరుప్పూరు అద్దకపు శాలల మురుగు నొయ్యల్ ఏటిలో కలిసి దిగువ రైతుల పొలములను పాడుచేసిన సంగతియు, 2011లో మదరాసు హైకోర్టు ఆ శాలలను మూయవలసినదని ఉత్తరువు చేసిన సంగతియు మన పెద్దలకు తెలిసినవే.

ఈ వ్యాసమున మేము చెప్పబూనినది చెఱువులను గూర్చి కాదు. కంప్యూటరులను, సెల్‌ఫోనులను నడిపించు సాఫ్ట్‌వేరును గూర్చి. కాని ఈ రెండింటి కట్టుబడియు ఒక్క తీరుననే యున్నది. ఏ ప్రోగ్రామును ఒంటిగా లేదు. ప్రతి ప్రోగ్రామునకు ఎగువన వేఱొకటి, దానికి ఎగువన మఱొకటి యున్నవి. ఎగువ నెక్కడనో పడిన గండి మన చేతిలోని ఫోనువఱకు ఎట్లు వచ్చునో, దానిని కనిపెట్టి పూడ్చువారెవరో, అందు తెలుగువారమైన మన వంతెంతయో విద్యార్థులకు తెలియజేయుట మా యుద్దేశము.

ఆధారముల మీద ఆధారములు

పాఠశాలలో మార్కులు లెక్కించుటకు ఒకరు ప్రోగ్రాము వ్రాయుచున్నారనుకొందము. తేదీలను లెక్కకట్టుట, అక్షరములను తెరమీద గీయుట, పెద్ద ఫైలును చిన్నదిగా కుదించుట, సమాచారమును ఇతరులకు తెలియకుండ రహస్యలిపిలో పంపుట, ఇవన్నియు ఆ ప్రోగ్రామునకు కావలసిన పనులే. వీనిలో ఒక్కొక్కటియు ఏండ్ల తరబడి శ్రమింపవలసిన పని. కావున ఆయన వీనిని తాను వ్రాయరు. ఇతరులు ఇదివఱకే వ్రాసియుంచిన భాగములను తెచ్చి తన ప్రోగ్రాములో కూర్చుకొందురు. అట్టి భాగమునకు లైబ్రరీ యని పేరు. ప్రోగ్రాము దానిపై ఆధారపడినది గనుక దానినే డిపెండెన్సీ యనియు అందురు. మనము ఆధారమని చెప్పుకొనవచ్చును. ఆ లైబ్రరీయు వేఱు లైబ్రరీలపై ఆధారపడి యుండును. ఆయన కోరి తెచ్చుకొన్నవి పది యైనచో, వాని వెంట అడుగకయే వచ్చినవి నూఱుండవచ్చును.

ఇట్టి భాగములలో పెక్కు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు తెగకు చెందినవి. అనగా ప్రోగ్రాము యొక్క మూలపాఠము అందఱికిని తెఱచి యుంచబడినది. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 1991లో ఫిన్‌లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఈ తెగలోనిదే. నేటి ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున నున్నదియు అదియే. మన దేశమున సి-డాక్ సంస్థ చెన్నపట్టణమున తయారుచేసిన బాస్ అను వ్యవస్థయు డెబియన్ అను లినక్స్ వ్యవస్థపై కట్టబడినది. 2011లో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన ఉచిత లాప్‌టాప్ పథకమున పంచిన పలు యంత్రములలో ఇది యుండెడిది. ప్రభుత్వ కార్యాలయములలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమీయవలెనని కేంద్రప్రభుత్వము 2015లో ఒక విధానమును ప్రకటించినది.

ఆధారమెంత చిన్నదైనను దానిని చులకన చేయరాదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అను ఒక లైబ్రరీని దాని రచయిత ఒక వివాదము కారణమున ఉపసంహరించుకొనెను. అందున్నవి 11 పంక్తులు మాత్రమే. ఒక మాటకు ఎడమవైపున ఖాళీలను చేర్చి దానిని కావలసిన పొడవునకు తెచ్చుట దాని పని. కాని దానిపై ఆధారపడినవి, వానిపై ఆధారపడినవి అనేకములుండుటచే లోకమంతట ఎందఱో ప్రోగ్రాముకర్తల పని ఒక్కమాఱుగా ఆగిపోయెను. కొన్ని గంటలలో దానిని మరల యథాస్థానమున నిలిపిరి. అది దొంగల పని కాదు; భద్రతాలోపమును కాదు. అయినను ఎంతటి మేడలు ఎంతటి చిన్న పుల్లపై నిలిచియున్నవో అది లోకమునకు చూపినది.

'జ్ఞా' అను అక్షరము తెచ్చిన చిక్కు

ఇట్టి యాధారమొకటి మన తెలుగు అక్షరమునే అడ్డుపెట్టుకొని తన లోపమును బయటపెట్టిన వృత్తాంతము కలదు. అది ఓపెన్ సోర్స్ లైబ్రరీ కాదు, ఆపిల్ సంస్థ సొంత లైబ్రరీ. అయినను విషయము బోధపడుటకు ఇంతకన్న దగ్గఱి యుదాహరణము మనకు లేదు.

కంప్యూటరు 'జ్ఞా' అను అక్షరమును ఒక్క ముద్దగా దాచుకొనదు. యూనికోడ్ పట్టికలో తెలుగునకు 128 గళ్ళు కేటాయింపబడినవి. అందు గుణింతపు గుర్తులు, పొల్లు, అక్షరములు వేఱువేఱు గళ్ళలో నున్నవి. 'జ్ఞా' అనునది జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగు సంకేతములుగా నిలువ యుండును. ఏది వత్తుగా మాఱవలెను, ఏది ఎక్కడ అతుకవలెను అని నిర్ణయించి వీనిని ఒక రూపముగా కూర్చు పని ప్రత్యేకముగా ఒక లైబ్రరీ చేయును. ఆపిల్ యంత్రములలో ఆ లైబ్రరీ పేరు కోర్‌టెక్స్ట్.

2018 ఫిబ్రవరిలో ఒక సంగతి బయటపడినది. ఈ నాలుగు సంకేతముల నడుమ, ఞకారమునకును దీర్ఘమునకును మధ్య, కంటికి కనబడని ఒక విభజన సంకేతము చేరినచో కోర్‌టెక్స్ట్ దానిని కూర్పలేక జ్ఞాపకస్థానమును చెడగొట్టుచుండెను. ఆ యక్షరము సందేశముగా వచ్చిన ఐఫోనులో దానిని చూపబోయిన యాప్ కూలిపోవుచుండెను. వాట్సాప్‌లో చూచినచో వాట్సాప్, ట్విట్టరులో చూచినచో ట్విట్టరు! ఆ యాప్‌లను వ్రాసినవారి తప్పేమియు లేదు. వారందఱు అక్షరములు గీయుటకు ఒకే ఎగువ చెఱువు నీటిని వాడుకొనుచుండిరి. ఆకతాయిలు ఆ యక్షరమును ఊరూరికి పంపి వినోదించిరి. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ సంస్థ 11.2.6 అను కూర్పును వెలువరించి లోపమును దిద్దినది.

ఇందు గమనింపదగినవి రెండు. మొదటిది, మూసియుంచిన సాఫ్ట్‌వేరైనంత మాత్రమున లోపములుండవనుట సత్యము కాదు. రెండవది, ఇంగ్లీషు మాత్రమే వ్రాయువారు ఎన్నేండ్లు వాడినను ఈ లోపము వారి కంట పడెడిది కాదు.

ఆండ్రాయిడ్ ఫోనులలోను, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులలోను, లిబ్రె ఆఫీస్‌లోను అక్షరములను కూర్చు పని హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్స్ లైబ్రరీది. పారసీక భాషలో ఈ పేరునకు 'తెఱచిన అక్షరము' అని యర్థము. బెహ్దాద్ ఎస్ఫాహ్‌బోద్ అను ఇరానీ-కెనడియను ఇంజనీరు దీనిని ముఖ్యముగా నిర్మించెను. తెలుగు, తమిళము, అరబ్బీ మొదలగు లిపులు నేడు ఫోనులలో చక్కగా కనబడుచున్నవనిన ఇట్టివారి శ్రమయే కారణము. దీనియందును 2023లో ఒక లోపము నమోదైనది. గుర్తుల మీద గుర్తులు ఎడతెగక పేర్చిన వచనమును దీనికి అందించినచో, ప్రతి గుర్తునకును మూలాక్షరము ఎక్కడనున్నదో యని ఇది వెనుకకు వెదకుచు పోవును. గుర్తులు పదిరెట్లయినచో పని నూఱురెట్లగును. తుదకు యంత్రము ఊపిరాడక నిలిచిపోవును. జావా భాషను నడుపు సామగ్రిలో హార్ఫ్‌బజ్ ఇమిడియుండుటచే, ఆ యేడు జూలైలో ఒరాకిల్ సంస్థ జావాకు వెలువరించిన దిద్దుబాటులలో దీనిని కూడ చేర్పవలసి వచ్చినది. జావాలో లెక్కలు చేసుకొను బ్యాంకునకును, అక్షరముల మీది గుర్తులకును సంబంధమేమి? ఎగువ, దిగువల సంబంధమే.

వ్రాయుమన్నదానిని చేసిన కరణము

యంత్రము నిలిచిపోవుట ఒక నష్టము. యంత్రము పరుల చేజిక్కుట అంతకు మించిన నష్టము. 2021లో బయటపడిన లాగ్‌ఫోర్‌జె లోపము అట్టిది.

పెద్ద ప్రోగ్రాములన్నియు తమలో జరిగిన ప్రతి సంగతిని ఒక దినచర్యగా వ్రాసిపెట్టుకొనును. ఎవరు వచ్చిరి, ఏమడిగిరి, ఏ పొరపాటు జరిగినది అని. జావాలో ఈ పనికి లాగ్‌ఫోర్‌జె అను లైబ్రరీని విరివిగా వాడుదురు. అపాచి ఫౌండేషను ఆశ్రయమున కొలదిమంది స్వచ్ఛందముగా దానిని పోషించుచున్నారు. 2013లో దానికొక సౌకర్యమును చేర్చిరి. దాని ఫలితముగా, వ్రాయుమని యిచ్చిన వాక్యములో ఒక ప్రత్యేకమైన గుర్తున్నచో ఆ లైబ్రరీ దానిని వ్రాసి యూరకుండక, అందు చెప్పిన చోటికి పోయి, అచటి ప్రోగ్రామును తెచ్చి నడుపుటకు వీలుకలిగెను. గ్రామ కరణమును తలచుకొనుడు. ఎవరో ఒకరు వచ్చి 'ధాన్యపుకొట్టు తాళము దీసి నాకిమ్ము' అను మాటను లెక్కలో వ్రాసికొమ్మనగా, ఆ కరణము వ్రాసికొనుటతో పాటు లేచి పోయి తాళము కూడ తీసియిచ్చెననుకొనుడు. సరిగా ఇదియే జరిగినది. మైన్‌క్రాఫ్ట్ అను ఆటలో సంభాషణ పెట్టెలో ఒక వాక్యము వ్రాసినంత మాత్రమున ఆట నడుపు యంత్రము పరుల వశమగుచుండెను.

అలీబాబా సంస్థలోని ఒక భద్రతా నిపుణుడు 2021 నవంబరు 24న దీనిని కనిపెట్టి అపాచివారికి తెలిపెను. డిసెంబరు 9, 10 తేదీలలో లోకమంతటికి తెలిసినది. తీవ్రతను కొలుచు పట్టికలో దీనికి పదికి పది వచ్చినది. మొదటి దిద్దుబాటు చాలక వెంటవెంటనే మఱికొన్ని దిద్దుబాటులు చేయవలసి వచ్చినది. కాని అసలు చిక్కు దిద్దుటలో లేదు. లాగ్‌ఫోర్‌జె తమ యింట నున్నదో లేదో ఎందఱికో తెలియకుండుటలో నున్నది. వారు దానిని కోరి తెచ్చుకొనలేదు. తెచ్చుకొన్న దాని లోపల, మూడవ పొరలోనో నాలుగవ పొరలోనో అది దాగియుండెను. ఇది పూర్తిగా తొలగుటకు పదేండ్లో, అంతకు మించియో పట్టవచ్చునని అమెరికా ప్రభుత్వ సమీక్షా సంఘము 2022లో అభిప్రాయపడినది.

అర్ధక్షణపు ఆలస్యము

పైవన్నియు తెలియక జరిగిన పొరపాటులు. తెలిసి చేసిన ద్రోహమును ఒకటి కలదు. లినక్స్‌లో ఫైలులను కుదించుటకు ఎక్స్‌జడ్ అను లైబ్రరీ యున్నది. చిరకాలముగా దానిని ముఖ్యముగా ఒక్క వ్యక్తియే, వేతనము లేక, తన తీరిక వేళలలో చూచుకొనుచుండెను. 2021 ప్రాంతమున జియా టాన్ అను పేరుతో ఒకరు వచ్చి సాయము చేయనారంభించిరి. చేసిన పని బాగుగనే యుండెను. ఇంకను త్వరగా పని జరుగవలెనని మఱికొన్ని పేర్లతో ఒత్తిడియు వచ్చినది. క్రమముగా కొత్తవ్యక్తికి అధికారము దక్కెను. 2024 ఆరంభమున వెలువడిన 5.6.0, 5.6.1 కూర్పులలో ఆ పేరు గల వ్యక్తి ఒక దొడ్డిదారిని దాచియుంచెను. దూరమునుండి యంత్రములను నడుపుటకు వాడు ఎస్.ఎస్.హెచ్. అను ద్వారములోనికి ఆ దారి పోవును.

విచిత్రమేమనగా, ఎస్.ఎస్.హెచ్. స్వయముగా ఎక్స్‌జడ్‌ను వాడుకొనదు. కొన్ని లినక్స్ వ్యవస్థలవారు ఎస్.ఎస్.హెచ్.కు వేఱొక లైబ్రరీని జోడించిరి. ఆ లైబ్రరీ ఎక్స్‌జడ్‌పై ఆధారపడినది. ఈ సందుననే శత్రువు దారి వేసికొనెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన పరీక్షలలో ఎస్.ఎస్.హెచ్. ప్రవేశమునకు సుమారు అర్ధక్షణము ఆలస్యమగుట గమనించి, ఏలనో యని వెదకి, ఎగువకు ఎగువకు పోయి, 2024 మార్చి 29న ఈ గుట్టును బయటపెట్టెను. అప్పటికి ఆ కూర్పులు డెబియన్ యొక్క ప్రయోగదశలోని శాఖలలో చేరినవి గాని, జనసామాన్యము వాడు స్థిరశాఖలో చేరలేదు. జియా టాన్ అను పేరు వెనుక నున్నది ఎవరో నేటికిని తేలలేదు.

విడువవలెనా, చూచుకొనవలెనా?

ఇన్ని ముప్పులున్నప్పుడు పరులు వ్రాసిన సాఫ్ట్‌వేరును విడిచి అంతయు మనమే వ్రాసికొనరాదా యని కొందఱడుగుదురు. చెఱువు తెగునని చెఱువులే వలదను రైతు లేడు. తానొక్కడే రహస్యలిపిని కల్పించుకొనువాడు మఱిన్ని తప్పులు చేయును. ఆ తప్పులను చూచువారును ఉండరు. ఎక్స్‌జడ్ మూలపాఠము తెఱచి యుండుటచేతనే ఫ్రాయిండ్ దానిని వెదకి పట్టగలిగెను.

కాని తెఱచి యుంచుట వేఱు, చూచుట వేఱు. 'ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినది' అని మన సామెత. 2014 ఏప్రిలులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను రహస్యలిపి లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అను లోపము బయటపడినది. అది రెండేండ్లుగా అందఱి కన్నుల యెదుట నుండెను. లోకమందలి ఎన్నో బ్యాంకులు, దుకాణములు నమ్ముకొన్న ఆ లైబ్రరీకి అంతవఱకు వచ్చుచుండిన చందాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు మాత్రమే! పిమ్మట పెద్ద సంస్థలు మేల్కొని లినక్స్ ఫౌండేషను ద్వారా నిధి సమకూర్చినవి.

మన సీమ చెఱువులకు పూర్వము కుడిమరామత్తు అను ఆచారముండెడిది. ఆయకట్టు రైతులందఱు ఏటేట కలసి పూడిక తీయుట, కట్టను బలపఱచుట, కాలువను శుభ్రపఱచుట చేసెడివారు. నీరు వాడుకొను ప్రతివాడును పనిలో పాలుపంచుకొనవలెను. ఆ కట్టుబాటు సడలినచోట చెఱువులు పూడిపోయినవి. ఓపెన్ సోర్స్‌నకు కావలసినదియు ఈ కుడిమరామత్తే. నీరు వాడువారు కోట్లమంది, పాఱ పట్టువారు కొందఱే యగుట అసలు రోగము.

మన చేతనైన పనులు

మొదటి పని, ఏమున్నదో తెలిసికొనుట. పెండ్లికి సరకుల చీటీ వ్రాసినట్లు, ప్రతి ప్రోగ్రామునకు అందున్న భాగముల పట్టిక నొకటి వ్రాసి యుంచవలెను. ఏదైన లైబ్రరీలో లోపము బయటపడినచో, పట్టిక చూచి అది మన యింట నున్నదో లేదో గడియలో చెప్పవచ్చును. ఇట్టి పట్టికలను గూర్చి భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. 2004 నుండి పని చేయుచున్న ఈ సంస్థ కొత్తగా బయటపడిన లోపములను గూర్చి ప్రజలకు హెచ్చరికలు కూడ ఇచ్చుచుండును.

రెండవ పని, దిద్దుబాటును వెంటనే స్వీకరించుట. లోపము బయటపడిన దినమునకును, మనము దిద్దుకొన్న దినమునకును నడుమనున్న కాలమే దొంగకు పండుగ. ఫోను 'అప్‌డేట్ చేయుదునా' అని యడిగినప్పుడు రేపు, ఎల్లుండి యని వాయిదా వేయువారు తెగిన కట్టను చూచుచు నిద్రించువారే. ఇంట పెద్దవారి ఫోనులకు ఈ పని చేసిపెట్టుట విద్యార్థుల ధర్మము.

మూడవ పని ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను విద్యార్థులది. అక్కఱ లేని ఆధారమును తెచ్చుకొనరాదు. తెచ్చుకొనునప్పుడు పేరును అక్షరమక్షరము సరిచూడవలెను. ప్రసిద్ధమైన లైబ్రరీ పేరులో ఒక్క అక్షరము మార్చి మోసపు లైబ్రరీలను అంగడిలో పెట్టు దొంగలు కలరు. దానిని పోషించువారెందఱు, ఇటీవల ఎప్పుడు దిద్దిరి అని విచారింపవలెను.

నాలుగవది తెలుగువారమైన మనకు ప్రత్యేకము. కోయంబత్తూరులో గాని, మధురలో గాని తెలుగు చదువుకొను పిల్లలు కొలదిమంది. వీథిలో, అంగడిలో, కార్యాలయములో వాడుక తమిళము. మన అక్షరము మనకు దినదినము ఎదురగు చోటులలో నేడు ముఖ్యమైనది ఈ తెరయే. ఆ తెరమీద తెలుగు నిలుచునట్లు చేయుచున్నది హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు, స్వేచ్ఛగా పంచబడిన అక్షరరూపములు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన అను అక్షరరూపములు అట్టివే. వీనిని పోషించువారిలో తెలుగు చదువలేనివారును ఉందురు. వత్తు తప్పిన చోట, గుణింతము విడిపోయిన చోట, ఒక మాట వ్రాయగా యాప్ కూలిన చోట, అది తప్పని వారికి తోచదు. మనకు తోచును. అట్టి తప్పు కనబడినప్పుడు ఏ యంత్రము, ఏ కూర్పు, ఏ యక్షరము, ఏమి జరిగినది అను నాలుగు సంగతులను స్పష్టముగా వ్రాసి దానిని పోషించువారికి పంపినచో అదియే గొప్ప సాయము. అయితే యంత్రమును కూల్చు లోపము కనబడినచో దానిని మిత్రులకు పంపి వినోదింపరాదు. ముందు పోషకులకు రహస్యముగా తెలుపవలెను; వారు దిద్దిన పిమ్మటనే నలుగురికి చెప్పవలెను. ఇది ఆ లోకమున సర్వసమ్మతమైన మర్యాద.

ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఇంతటి పని చేతనగునా యని సందేహింపవలదు. అర్ధక్షణపు ఆలస్యమును చూచి 'ఇది యేల?' అని అడిగిన ఒక్క మనుష్యుడు లోకమును ఒక పెద్ద ముప్పునుండి తప్పించెను. ఆ ప్రశ్న వేయుటకు కావలసినవి శ్రద్ధయు, ఓపికయు. మన వంతు కట్టను మనము చూచుకొందము.